ముంచే దీవుల్లో మంచి పెట్టె!

భూగోళానికి అడుగున, అంటార్కిటికా వైపు పోయే దారిలో ఉన్నాయి ఆ దీవులు. దగ్గరికొచ్చిన ఓడల్ని బద్దలుకొట్టాయి. ఒడ్డున పడ్డవాళ్లను ఆకలితో, చలితో చంపాయి. అలాంటిచోట... ఎప్పటికైనా ఎవరో ఒకరు వచ్చి చిక్కుకుంటారని ముందే ఊహించి, వాళ్లకోసం తిండీ బట్టా అగ్గిపెట్టే దాచిపెట్టారు కొందరు. ఆక్లాండ్ దీవుల్లో ఓడలు మునిగిన కథ, మనుషులు తేలిన కథ ఇది.

1865. చలికాలం ఇంకా వదల్లేదు. ఫ్లయింగ్ స్కడ్ అనే చిన్న ఓడ దీవి ఉత్తరం కొసన లంగరు వేసింది. పడవలో ఒడ్డుకు వెళ్లినవాళ్లకు ఓ పాడుబడ్డ ఇల్లు కనిపించింది. అందులో ఓ మనిషి పడుకుని ఉన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే శవం. ఒక కాలికి గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. పక్కనే ఓ పలక. దానిమీద ఏదో గీకి ఉంది. చివరి ఘడియల్లో ఎవరికో ఏదో చెప్పాలనుకున్నాడు పాపం. అక్షరాలు చెరిగిపోయి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

చూసినవాళ్లలో థామస్ మస్‌గ్రేవ్ ఒకడు. అతనికి ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఇదే దీవిలో, దక్షిణం కొసన, పందొమ్మిది నెలలు అతనూ చిక్కుకుపోయి ఉన్నాడు. ఇక్కడ తాము ఐదుగురం తప్ప మరో మనిషి లేడనే అనుకున్నాడు. మరి ఈ మనిషి ఎవరు? ఎప్పుడొచ్చాడు?

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ దీవుల సంగతి తెలియాలి.

గ్లోబు మీద దారం

ఆక్లాండ్ అనగానే క్రికెట్ చూసేవాళ్లకు న్యూజిలాండ్‌లోని పెద్ద నగరం గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఆ నగరం దేశానికి ఉత్తరాన ఉంటే, ఈ దీవులు దక్షిణం కొస దాటాక ఇంకో 465 కిలోమీటర్ల దూరంలో నడిసముద్రంలో ఉంటాయి. పేర్ల వెనక మాత్రం చుట్టరికం ఉంది. 1806లో అబ్రహాం బ్రిస్టో అనే కెప్టెన్ తిమింగలాల వేటకు వెళ్తూ ఈ దీవుల్ని చూశాడు. తన తండ్రికి స్నేహితుడైన లార్డ్ ఆక్లాండ్ పేరు పెట్టాడు. ఆ లార్డుగారి కొడుకే తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చిన మరో లార్డ్ ఆక్లాండ్. నగరానికి కొడుకు పేరు, దీవులకు తండ్రి పేరు అన్నమాట. బ్రిస్టో కన్నా కొన్ని శతాబ్దాల ముందే పాలినేషియన్లు ఇక్కడికి వచ్చి వెళ్లిన ఆనవాళ్లు కూడా తర్వాత బయటపడ్డాయి.

ఒక పెద్ద దీవి, చుట్టూ కొన్ని చిన్నవి. అన్నీ కలిపితే 600 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పడమటి వైపు గోడ కట్టినట్టు నిట్టనిలువు కొండలు. పడవ ఆనించడానికి జానెడు ఇసుక దొరకదు. తూర్పున మాత్రం సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ప్రశాంతమైన రేవులున్నాయి. ఉత్తరాన పోర్ట్ రాస్, దక్షిణాన కార్న్‌లీ హార్బర్. గాలి పడమటి నుంచే వీస్తుంది. కాబట్టి గాలికి కొట్టుకొచ్చే ఓడకు ఎదురయ్యేది గోడే.

1849లో చార్లెస్ ఎండర్‌బీ అనే ఆంగ్లేయుడు పోర్ట్ రాస్ దగ్గర ఏకంగా ఊరే కట్టించాడు. తిమింగలాల వేట, వ్యవసాయం చేద్దామని కుటుంబాలను వెంటబెట్టుకొచ్చాడు. ఎడతెగని వాన, చల్లటి గాలి, బురద నేల. పంటా పండలేదు, తిమింగలమూ సరిగా పడలేదు. 1852లో అంతా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఆ ఊరి శిథిలాలే తర్వాత ఎందరికో దిక్కయ్యాయి.

మరి ఇంత పనికిరాని చోటికి ఓడలెందుకు వచ్చాయి? ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఓ దారం తీసుకోండి. ఒక కొస ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ మీద, రెండో కొస దక్షిణ అమెరికా చివరనున్న కేప్ హార్న్ మీద పెట్టి బిగించి లాగండి. దారం తిన్నగా పోదు, బాగా కిందికి, దక్షిణానికి జారుతుంది. గుండ్రటి భూమ్మీద అదే దగ్గరి దారి. పైగా అక్కడ తెరచాపల్ని ఉరకలెత్తించే పడమటి గాలులు. అందుకే ఆస్ట్రేలియా బంగారం, ఉన్ని, గోధుమలు మోసుకుంటూ ఇంగ్లండ్ వెళ్లే ఓడలు ఆ దారి పట్టేవి. ఆ దారికి అడ్డంగా ఉన్నాయి ఈ దీవులు. మబ్బు పడితే సూర్యుణ్ని చూసి తామెక్కడున్నామో లెక్కకట్టే వీల్లేదు. కొన్ని మ్యాపుల్లో దీవుల స్థానమే తప్పుగా ఉండేది. కొండ కనిపించేసరికి చేయి దాటిపోయేది.

ఐదుగురి రాజ్యం

మస్‌గ్రేవ్ మాత్రం దారిన పోతూ రాలేదు. 1863 నవంబరులో సిడ్నీ నుంచి గ్రాఫ్టన్ అనే చిన్న ఓడలో బయల్దేరాడు. తగరం ఖనిజం వెతుక్కుంటూ క్యాంప్‌బెల్ దీవికి వెళ్లి, అక్కడ దొరక్క, సీల్ చర్మాలైనా దొరుకుతాయని ఇటొచ్చాడు. 1864 జనవరి 3న కార్న్‌లీ హార్బర్‌లో తుపాను లంగరు తెంపి ఓడను రాళ్లమీదికి విసిరేసింది. ఐదుగురూ ఒడ్డుకు చేరారు. కెప్టెన్ మస్‌గ్రేవ్, ఫ్రెంచివాడు ఫ్రాంస్వా రేనాల్, నార్వేకు చెందిన అలిక్, ఇంగ్లిష్ నావికుడు జార్జ్, పోర్చుగీసు వంటమనిషి హెన్రీ. రేనాల్‌కి అప్పటికే జబ్బు. లేవలేని స్థితిలో ఉన్న అతణ్ని తోటివాళ్లు మోసుకుని ఒడ్డుకు చేర్చారు.

ఒడ్డుకు దగ్గర్లోనే ఇరుక్కున్న ఓడ నుంచి చెక్క, తాళ్లు, తెరచాప గుడ్డ, కొన్ని పనిముట్లు తెచ్చుకున్నారు. రేనాల్ దగ్గర తుపాకీ ఉంది. ఇల్లు కట్టారు. గుల్లలు కాల్చి సున్నం చేసి, రాళ్లు పేర్చి పొగగొట్టం నిలబెట్టారు. బూడిద, సీల్ నూనె కలిపి సబ్బు వండారు. తోళ్లు ఊనబెట్టి చెప్పులు కుట్టుకున్నారు. సిరా అయిపోతే మస్‌గ్రేవ్ సీల్ రక్తంతో డైరీ రాశాడు.

వీటన్నిటికన్నా గొప్ప పని ఇంకోటుంది. ఆకలి, చలి, దిగులు కలిస్తే మనుషులు కొట్టుకు చస్తారని రేనాల్ ముందే పసిగట్టాడు. మనలో ఒకర్ని పెద్దగా ఎన్నుకుందాం అన్నాడు. అతను గట్టిగానే కానీ మంచిగా నడిపించాలి, తగువులు తీర్చాలి, తప్పు చేస్తే మిగతావాళ్లు ఓటేసి దింపెయ్యొచ్చు. ఈ నియమాలు రాసుకుని, ప్రమాణం చేసి, మస్‌గ్రేవ్‌నే ఎన్నుకున్నారు. సముద్రం మీద కెప్టెన్ మాటే వేదంగా చెల్లే రోజుల్లో, ఓ కెప్టెన్ నావికుల ఓట్లతో పెద్ద కావడమంటే మాటలు కాదు. సాయంత్రాలు బడి నడిపారు. చదవడం రానివాళ్లకు వచ్చినవాళ్లు నేర్పారు. వాళ్లు బదులుగా తమ భాషలు నేర్పారు. పేకముక్కలు తయారుచేసుకుంటే ఆటలో ఓడి మస్‌గ్రేవ్ చిరాకు పడేవాడట. గొడవ ముదిరేలా ఉందని రేనాల్ ముక్కల్ని నిప్పుల్లో పడేశాడు!

గడువులోగా తిరిగి రాకపోతే వెతకడానికి ఓడ పంపిస్తామని సిడ్నీలోని భాగస్వాములు మాటిచ్చారు. ఏడాది గడిచింది. ఓడ రాలేదు. ఇక రాదని అర్థమైపోయింది. సీల్ చర్మంతో కొలిమితిత్తి చేసి, ఇనుప ముక్కలు కరిగించి మేకులు కొట్టారు. కొత్త పడవే కట్టేద్దామనుకున్నారు కానీ బరమా చేయడం రేనాల్ వల్ల కూడా కాలేదు. ఉన్న చిన్న పడవనే పొడవు పెంచి, పక్కలు ఎత్తు చేశారు. అయినా ముగ్గురికే చోటు. ఇద్దరు ఆగిపోవాలి. జార్జ్, హెన్రీ ఉండిపోయారు.

1865 జులై 19న ముగ్గురు బయల్దేరారు. ఐదు పగళ్లు, ఐదు రాత్రులు. పడవలోకి వచ్చే నీళ్లు తోడుతూనే ఉన్నారు. కంటిమీద కునుకు లేదు, నోట్లో ముద్ద లేదు. జులై 24న న్యూజిలాండ్‌కు దక్షిణాన ఉన్న స్టూవర్ట్ దీవి చేరారు.

అంతటితో అయిపోయిందనుకుని మస్‌గ్రేవ్ విశ్రాంతి తీసుకోలేదు. వెనక ఇద్దరున్నారు. ఇన్వర్‌కార్గిల్ పట్నం జనం చందాలేసుకుని ఫ్లయింగ్ స్కడ్ ఓడకు ఖర్చులిచ్చారు. దారి తెలిసిందతనికే. ప్రాణాలతో బయటపడిన అదే నరకానికి, అంత చిన్న ఓడలో మళ్లీ వెళ్లాడు. జార్జ్‌నీ హెన్రీనీ ఎక్కించుకున్నాడు. ఐదుగురికి ఐదుగురూ బతికారు. తిరిగొచ్చే ముందు ఇంకెవరైనా ఉన్నారేమో చూద్దామని ఉత్తరం కొసకు వెళ్లినప్పుడే ఆ శవం, ఆ పలక కనిపించాయి.

అదే దీవి... రెండో కొస

పలక పక్కన పడున్న మనిషిది ఇన్వర్‌కాల్డ్ అనే స్కాట్లాండ్ ఓడ. మెల్‌బోర్న్ నుంచి పెరూ వెళ్తూ 1864 మే 11 రాత్రి పెద్ద దీవి వాయవ్య మూల కొండలకు గుద్దుకుని కాసేపట్లోనే ముక్కలైంది. ఉన్నది 25 మంది. ఆరుగురు మునిగిపోయారు. 19 మంది ఒడ్డెక్కారు.

అంటే గ్రాఫ్టన్ మనుషులు దక్షిణాన ఇల్లు కట్టుకుని ఉన్న నాలుగు నెలలకు వీళ్లు ఉత్తరాన పడ్డారు. ఏడాదికి పైగా ఒకే దీవిలో రెండు గుంపులూ ఉన్నాయి. మధ్యలో కొండలు, దాటలేని పొదలు. వీళ్లున్నట్టు వాళ్లకు తెలీదు. వాళ్లున్నట్టు వీళ్లకు తెలీదు.

ఇక్కడ కథ పూర్తిగా వేరు. కెప్టెన్ జార్జ్ డల్గార్నో దిగులుతో కుంగిపోయాడు. నడిపించే దిక్కు లేక గుంపు చెల్లాచెదురైంది. నడవలేనివాణ్ని వెనకే వదిలేసి మిగతావాళ్లు ముందుకు వెళ్లారు. ఒకరి తర్వాత ఒకరు ఆకలితో రాలిపోయారు. రాబర్ట్ హోల్డింగ్ అనే మామూలు నావికుడు ఒక్కడే ధైర్యంగా గుల్లలు ఏరాడు, పక్షుల్ని పట్టాడు, దారులు వెతికాడు. 1865 మే 22న చైనా తీరం నుంచి పెరూ వెళ్తున్న జూలియన్ అనే ఓడ, లోపలికి నీళ్లు కారుతుంటే బాగు చేసుకుందామని ఇటొచ్చింది. అప్పటికి మిగిలింది ముగ్గురే. కెప్టెన్, మేటు, హోల్డింగ్.

ఐదుగురిలో ఐదుగురు. పందొమ్మిది మందిలో ముగ్గురు. ఈ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి చాలామంది చాలా పాఠాలు చెప్పారు. న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. గ్రాఫ్టన్ వాళ్లకు ఓడ సామాను దక్కింది, తుపాకీ ఉంది, వచ్చింది ఎండాకాలం. ఇన్వర్‌కాల్డ్ వాళ్లు తడి బట్టలతో, చలికాలం ముంగిట్లో, తిండి దొరకని గట్టున పడ్డారు. ఐకమత్యం ఒక్కటే కడుపు నింపదు. కానీ జబ్బుతో లేవలేనివాణ్ని మోసుకొచ్చినవాళ్లకు ఆ జబ్బు మనిషే ఇల్లు కట్టే, సబ్బు వండే, మేకులు కొట్టే ఇంజినీరయ్యాడన్న సంగతి మాత్రం మర్చిపోలేం.

బంగారం మునిగింది

ఏడాది తిరక్కుండానే మరో ఓడ వచ్చింది. పేరు జనరల్ గ్రాంట్. 1866 మే మొదట్లో మెల్‌బోర్న్ నుంచి లండన్‌కు బయల్దేరింది. 83 మంది. ఆస్ట్రేలియా గనుల్లో నాలుగు రాళ్లు సంపాదించుకుని పెళ్లాం పిల్లలతో ఇంటికి పోతున్నవాళ్లూ అందులో ఉన్నారు. ఓడలో ఉన్నితో పాటు 2,576 ఔన్సుల బంగారం.

మే 13 రాత్రి పడమటి కొండలు కనిపించాయి. సరిగ్గా అప్పుడే గాలి ఆగిపోయింది. గాలి లేని తెరచాప ఓడ అంటే ఎద్దుల్లేని బండి. అలలు దాన్ని నెమ్మదిగా తోసుకెళ్లి కొండ కింది ఓ పెద్ద గుహలోకి నెట్టాయి. తెల్లారేసరికి పోటు ఎక్కింది. ఓడ పైకి లేచినప్పుడల్లా కొయ్య గుహ కప్పుకు తగిలేది. తగిలి తగిలి చివరికి అదే కొయ్య ఓడ అడుగును చీల్చుకుని దిగింది. 68 మంది జలసమాధి అయ్యారు. పద్నాలుగు మంది మగవాళ్లు, ఒక స్త్రీ బతికారు. ఆమె పేరు మేరీ ఆన్ జువెల్.

పోర్ట్ రాస్ చేరిన వాళ్లకు నిప్పే ప్రాణం. పొడి అగ్గిపుల్లతో రాజేసిన నిప్పు ఆరిపోకుండా రాత్రింబవళ్లు వంతులేసుకుని కాపలా కాశారు. సీల్ చర్మాలే బట్టలు. బొమ్మ పడవలు చెక్కి, వాటిమీద తమ కబురు రాసి సముద్రంలో వదిలారు. పంది మూత్రాశయాల్ని బుడగల్లా ఊది, కబురు కట్టి గాలికి వదిలారు. ఒక్కటీ ఎవరికీ చేరలేదు. 1867 జనవరిలో నలుగురు, దిక్సూచి లేకుండానే న్యూజిలాండ్‌కు పడవలో బయల్దేరారు. మళ్లీ కనిపించలేదు. 62 ఏళ్ల వృద్ధుడొకరు సెప్టెంబరులో కన్నుమూశాడు. 1867 నవంబరు 21న ఆమ్‌హర్స్ట్ అనే తిమింగలాల వేట ఓడ చూసేనాటికి మిగిలింది పది మంది.

ఆ బంగారం కోసం 1868 నుంచే వేట మొదలైంది. 1870లో బతికి బయటపడ్డవాళ్లలో ఒకడైన డేవిడ్ ఆష్‌వర్త్ చోటు చూపిస్తానని వెళ్లి, ఆ గుహ వెతుకుతూనే పడవతో సహా మాయమైపోయాడు. తర్వాతా ఎన్నో బృందాలు వెళ్లాయి. బంగారం దొరకలేదు.

పెట్టె మీద శాపం

అందరూ బంగారం గురించి మాట్లాడుకుంటుంటే, న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న సౌత్‌లాండ్ ప్రాంతీయ ప్రభుత్వం వేరే విషయం ఆలోచించింది. ఇంకెవరైనా అక్కడ ఉంటే? రేపు ఇంకెవరైనా వెళ్లి పడితే?

1868 మొదట్లో ఆమ్‌హర్స్ట్‌నే అద్దెకు తీసుకుంది. పది మందిని తీసుకొచ్చిన ఓడే ఇప్పుడు పెట్టెలు మోసుకుని బయల్దేరింది. వాటిలో బట్టలు, దుప్పట్లు, అగ్గిపెట్టెలు, పనిముట్లు, దిక్సూచి. దీవుల్లో పలుచోట్ల దించారు. తాళం వేస్తే అవసరమున్నవాడు తియ్యలేడు. వెయ్యకపోతే దొంగ తీసుకుపోతాడు. కాపలా పెట్టడానికి మనిషి లేడు. అందుకే ఒక పెట్టె మీద తాళానికి బదులు శాపం రాశారు. వెనక సొంత ఓడ ఉండి కూడా ఈ పెట్టె పగలగొట్టేవాడికి విధవరాళ్ల ఉసురు, తండ్రిలేని పిల్లల ఉసురు తగులుగాక అని!

మన దగ్గర ఎండాకాలం చలివేంద్రాలు పెడతారు. ఏ బాటసారి వస్తాడో, ఏ కులమో, ఏ ఊరో కుండ పెట్టినవాడికి తెలీదు. నీళ్లుంటే చాలు. ఇదీ అలాంటిదే. కాకపోతే దీనికి దాహంతో వచ్చేవాడు ఏడాదికొకడు రావచ్చు, పదేళ్లకొకడు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు.

1877 నుంచి న్యూజిలాండ్ ప్రభుత్వమే ఈ పని పూర్తిగా చేతుల్లోకి తీసుకుంది. పెట్టెల స్థానంలో చిన్న చిన్న గుడిసెలు కట్టింది. బిస్కెట్లు, డబ్బా మాంసం, ఉన్ని బట్టలు, బూట్లు, తుపాకీ, గాలాలు పెట్టింది. దీవి నుంచి దీవికి దాటడానికి షెడ్లలో పడవలుంచింది. ఏ ఒడ్డున పడ్డవాడికైనా దారి తెలిసేలా గుడిసె వైపు చేయి చూపించే స్తంభాలు నాటించింది. బట్టలకు బయట ఎక్కడా కనిపించని ప్రత్యేకమైన నేత వేయించింది. దొంగిలించి తొడుక్కుంటే రేవులో అడుగుపెట్టగానే దొరికిపోతాడు! స్టెల్లా, హినెమోవా, టుటనెకాయ్ అనే ప్రభుత్వ స్టీమర్లు క్రమం తప్పకుండా వచ్చి సరుకు సరిచూసుకుని, ఎవరైనా ఉన్నారేమో వెతికి వెళ్లేవి.

ఉప్పు సీసా

శాపాలకు దొంగలు భయపడ్డారా? ఎప్పుడూ కాదు. 1887 మార్చి 20న డెర్రీ కాజిల్ అనే ఓడ గోధుమలతో ఇంగ్లండ్ వెళ్తూ ఎండర్‌బీ దీవికి గుద్దుకుంది. 23 మందిలో 15 మంది పోయారు. బతికిన 8 మంది వణుకుతూ గుడిసె దగ్గరికి చేరి తలుపు తీస్తే... లోపల ఓ ఉప్పు సీసా! అంతకుముందే ఎవరో ఊడ్చుకుపోయారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గోధుమలు, గుల్లలు తింటూ కాలం గడిపారు. చివరికి ఓడ చెక్కలతో ఓ చిన్న పడవ కట్టుకుని అవతలి గట్టుకు వెళితే, పోర్ట్ రాస్ గుడిసెలో సరుకులు భద్రంగా ఉన్నాయి. ఎనిమిది మందీ బతికారు.

1891లో కంపాద్రే అనే ఓడ కలకత్తాలో గోనెసంచులు నింపుకుని చిలీకి బయల్దేరింది. దారిలో సరుకు అంటుకుంది. మండుతున్న ఓడను కెప్టెన్ ఈ దీవుల ఒడ్డుకే తోలాడు. అందరూ దిగగలిగారు. దారి తప్పిపోయిన ఒక్క నావికుడు తప్ప మిగిలినవాళ్లంతా గుడిసె సరుకులతో బతికారు.

1905 ఫిబ్రవరిలో ఆంజూ అనే ఫ్రెంచి ఓడ పడమటి తీరాన మునిగింది. 22 మంది పడవల్లో తప్పించుకుని కార్న్‌లీ హార్బర్‌లోకి వస్తే, స్తంభం చేయి చూపించింది. గుడిసె కనిపించింది. మే నెలలో హినెమోవా మామూలు తనిఖీకి వచ్చేసరికి 22 మందీ క్షేమంగా ఎదురొచ్చారు. నలభై ఏళ్ల కిందట ఇన్వర్‌కాల్డ్ వాళ్లు పిట్టల్లా రాలిపోయింది ఈ దీవిలోనే.

ఎనిమిది కిలోమీటర్ల దూరం

అన్నిటికన్నా గుండె పిండే కథ 1907 నాటిది. డండొనాల్డ్ అనే ఓడ సిడ్నీ నుంచి గోధుమలతో వస్తూ మార్చిలో ఓ రాత్రి మునిగింది. 28 మందిలో 12 మంది పోయారు. 16 మంది ఎక్కిన గట్టు పేరు డిసపాయింట్‌మెంట్ దీవి. నిరాశ దీవి అన్నమాట! చెట్టు లేదు, గుడిసె లేదు. మేటు జాబెజ్ పీటర్స్ కొద్దిరోజుల్లోనే కన్నుమూశాడు.

మిగిలిన 15 మంది నేలలో గుంటలు తవ్వుకుని, పైన గడ్డి కప్పుకుని కుందేళ్లలా బతికారు. ఆల్బట్రాస్ జాతి పక్షుల మాంసం, ఓ మొక్క దుంప... అదే తిండి. ఎదురుగా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో పెద్ద దీవి కనిపిస్తూనే ఉంది. అందులో ఎక్కడో సర్కారు గుడిసె ఉందని వాళ్లకు తెలుసు. కానీ మధ్యలో సముద్రం. చేతిలో ఒక్క పలకైనా లేదు.

దీవిలో దొరికేవి వంకర టింకర పొద కొమ్మలు. వాటినే వంచి, కట్టి, బుట్టలా అల్లి, పైన తెరచాప గుడ్డ కుట్టారు. మన పుట్టి లాంటిదన్నమాట. మొదటిసారి వెళ్లినవాళ్లు అవతలి దీవి చేరారు కానీ గుడిసె దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఇంకోటి అల్లితే పగిలిపోయింది. మళ్లీ అల్లారు. అక్టోబరులో నలుగురు దాటారు. పొదల్లో పడీ లేచీ నడిచి, చివరికి పోర్ట్ రాస్ గుడిసె చేరారు. లోపల బిస్కెట్లు, బట్టలు, పక్కన ఓ మంచి పడవ! కడుపు నిండగానే వాళ్లు చేసిన పని ఏంటో తెలుసా? ఆ పడవేసుకుని వెనక్కి వెళ్లి మిగిలిన 11 మందిని తీసుకొచ్చారు.

నవంబరు 16న హినెమోవా వచ్చింది. అందులో దీవుల్ని అధ్యయనం చేయడానికి వచ్చిన శాస్త్రవేత్తలున్నారు. పదిహేను మందీ ఇంటికెళ్లారు. వెళ్లే ముందు పీటర్స్ దేహాన్ని ఆ దీవి నుంచి తవ్వి తెచ్చి, పోర్ట్ రాస్ శ్మశానంలో మర్యాదగా సమాధి చేశారు. కొమ్మలతో అల్లిన పుట్టిని న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మ్యూజియంలో భద్రపరిచారు.

ఖాళీ గుడిసె

1914లో పనామా కాలువ తెరిచారు. తెరచాపలు పోయి ఆవిరి ఓడలు, వైర్‌లెస్ వచ్చాయి. ఆ దారిన ఓడలు తగ్గిపోయాయి. 1920ల చివరికి గుడిసెలకు సరుకులు పంపడం ఆపేశారు. 1939లో యుద్ధం మొదలయ్యే వేళ ఎర్లాంగెన్ అనే జర్మన్ ఓడ కార్న్‌లీ హార్బర్‌లో దాక్కుని, బొగ్గుకు బదులు చెట్లు నరికి నింపుకుని చిలీ దాకా పారిపోయింది. ఆ తర్వాత న్యూజిలాండ్ అక్కడ కొన్నేళ్లు కాపలా మనుషుల్ని పెట్టింది. వాళ్లలో ప్రకృతి శాస్త్రవేత్తలూ ఉన్నారు. శత్రువు ఓడ ఒక్కటీ రాకపోయినా, పక్షుల గురించి మొక్కల గురించి బోలెడు సమాచారం పోగేశారు.

1998లో యునెస్కో ఈ దీవుల్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఇప్పుడక్కడ ఆల్బట్రాస్‌లు, పెంగ్విన్లు, అరుదైన న్యూజిలాండ్ సముద్ర సింహాలదే రాజ్యం. మనుషులెవరూ నివసించరు. అనుమతి తీసుకుని వెళ్లే యాత్రికులకు పోర్ట్ రాస్ శ్మశానం కనిపిస్తుంది. ఎండర్‌బీ దీవిలో 1880లో కట్టిన స్టెల్లా గుడిసె కూడా ఇంకా నిలబడే ఉంది.

ఇన్వర్‌కాల్డ్, జనరల్ గ్రాంట్, డెర్రీ కాజిల్, డండొనాల్డ్. ఈ నాలుగు ఓడల్లోనే 120 మందికి పైగా చనిపోయారు. ఆ లెక్క ఉంది. 2,576 ఔన్సుల బంగారం లెక్కా ఉంది. వెతికేవాళ్లకు దాని ఆశ ఇంకా చావలేదు. గుడిసెలో బిస్కెట్ల డబ్బా సర్ది, దుప్పటి మడతపెట్టి, అగ్గిపెట్టె తడవకుండా పైన పెట్టి వెళ్లిన స్టీమరు కూలీల పేర్లు మాత్రం ఎవరూ చెప్పుకోరు. వాళ్ల చలవతో బతికి, ఇంటికెళ్లి, పిల్లాపాపలతో ముసలివాళ్లయినవాళ్లు ఎంతోమంది.